పంపు గుంటలో అంకె

ఆ రాత్రి నాచారం షెడ్డులో ఏమేం ఉన్నాయో ముందే చెబుతాను. నేను. టెక్నీషియన్ యాదగిరన్న. మేం తయారు చేస్తున్న సెన్సర్. సీలు కూడా తియ్యని ఒక ఆర్గాన్ సిలిండర్. ఒక కంప్రెసర్, నేలలో లోతు గుంటలో ఒక పంపు. అంతే... ఇందులో ఒక్క ముక్కా నేను కల్పించింది కాదు.

అప్పటికింకా తెలంగాణ రాలేదు. ఉప్పల్ నుంచి బైకు మీద వచ్చి పనిచేసేవాణ్ణి. ఆర్గాన్ గాలికన్నా బరువైన వాయువు, గుంటలో చేరితే మనిషికి ఊపిరాడదు. దానికి రంగు లేదు. వాసన లేదు. దేనితోనూ రసాయనికంగా కలవదు. అందుకే మామూలు సెన్సర్లకు చిక్కదు. మాది వేరు. కార్బన్ నానోట్యూబులనే కంటికి కనిపించని గొట్టాల సన్నటి మొనల దగ్గర వోల్టేజీ పెంచుతూ పోతే, ఒకచోట చిటుక్కున కరెంటు దూకుతుంది. ఎన్ని వోల్టుల దగ్గర దూకిందో చూస్తే ఏ వాయువో తెలుస్తుంది. మా సెన్సర్‌లో గాలికి 320. ఆర్గాన్‌కి 210.

గాలి కదిలితే అంకె నిలవదని ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపడం మా అలవాటు. ఆ రాత్రీ నేనే ఆపాను. సెన్సర్‌ని వైరుతో పంపు గుంటలోకి వేలాడదీశాను. పంపులో ఆయిల్ మార్చడానికి యాదగిరన్న నిచ్చెన దిగాడు.

సెకనుకో చిటుకు. 320... 301... 264...

“అన్నా, పైకొచ్చెయ్.”

“ఏంది తమ్మీ, నీ డబ్బా మల్ల ఖరాబైందా?” నవ్వాడు.

“ఆర్గాన్ చూపిస్తోందన్నా. రా!”

“సిలిండర్ ఇప్పనే లేదు గద... జర ఆగు... కాళ్లు...”

స్పానర్ కింద పడిన చప్పుడు.

నేను దిగితే ఇద్దరం పోతాం. ఫ్యాన్ వేశాను. కంప్రెసర్ గొట్టం గుంటలోకి తోసి గాలి వదిలాను. యాదగిరన్న నిచ్చెనకు వాలిపోయి ఉన్నాడు. గుంట అంచున బోర్లా పడుకుని అతని చంకల్లో చేతులు వేసి లాగాను... లాగాను... పైకొచ్చాక దగ్గాడు. బతికాడు.

కంప్రెసర్ ఆపాను. గుంట ఖాళీ. సెన్సర్ మాత్రం లోపలే వేలాడుతోంది. అంకె 320కి రావాలి.

రాలేదు.

210... 218... 226... 218... 210... 218...

మెల్లగా పెరుగుతోంది. మెల్లగా తగ్గుతోంది. ఎవరో ఊపిరి తీసి వదులుతున్నట్టు...

యాదగిరన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “లోపల ఇంకెవరన్న ఉన్నరా తమ్మీ?”

టార్చి వేశాను. పంపు. ఆయిల్ డబ్బా. స్పానర్. ఇంకేమీ లేదు.

సెన్సర్ చెడిందేమో. కానీ అన్న పడిపోవడం నిజం. ఆ ఆర్గాన్ ఎక్కడిదో, అసలు అది ఆర్గానేనో కాదో ఇప్పటికీ తేల్చుకోలేను. అప్పుడు మాత్రం వాచీ చూస్తూ, అంకె పెరిగి తగ్గడాన్ని ఒక నిమిషం పాటు లెక్కపెట్టాను.

పదిహేనుసార్లు. ప్రశాంతంగా ఉన్న మనిషి ఊపిరి తీసుకునేటన్ని సార్లు.