అరగని అచ్చు

మా టీచరమ్మ పోయారన్న కబురు రెడ్డెమ్మ ఫోన్లో చెప్పింది. దార్సైట్‌లో పిల్లల్ని స్కూలు బస్సెక్కించి అప్పుడే ఇంట్లోకి వచ్చాను. రెడ్డెమ్మది కడప వైపు. ఘుబ్రాలో టీచరమ్మ ఇంట్లోనే ఉండి వంటా పనీ చూసేది. "పొద్దున టీ తీసకపోతే కుర్చీలోనే పోయుండాదక్కా. కళ్ళద్దాలు గూడా తీయలా" అంది.

టీచరమ్మ జర్మన్ దేశస్థురాలు. భర్త ఉద్యోగం మీద ఈ అరబ్బు దేశానికి వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. తొంభైకి దగ్గరపడినా శుక్రవారాలు మాకు చెక్క మీద బొమ్మలు చెక్కి కాగితం మీద అద్దడం నేర్పేవారు. మెచ్చుకోవడం తెలియని మనిషి. ఎంత బాగా చేసినా "ఇంకోసారి" అనేవారు, అంతే. బొమ్మ చెడితే నేను అలవాటుగా "పోనీలెండి" అనేదాన్ని. ఓ రోజు దాని అర్థం అడిగి తెలుసుకుని, ఇక తన గదిలో ఆ మాట వినపడకూడదన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకన్నారో తర్వాత తెలిసింది.

ఆవిడ తల్లి చిత్రకారిణి. నాజీల ఏలుబడిలో వాళ్ళ దుర్మార్గాలను బొమ్మలుగా చెక్కి, అద్ది, ఎవరూ చూడకుండా గోడలకు అంటించేది. అచ్చు యంత్రమైతే చప్పుడవుతుందని కాగితాన్ని చెక్క గరిటె వెనకవైపుతో రుద్దేదట. కింది వాటాలో రొట్టెల కొట్టు పెద్దమనిషి ఉండేవాడు. అప్పటికి నాలుగేళ్ళ పిల్లయిన టీచరమ్మ చేతికి బన్ను ఇస్తూ ఆ వేళ్ళకున్న నల్లరంగు చూశాడు. అమ్మ ఏం చేస్తోందని ముద్దుగా అడిగాడు. పిల్ల చెప్పింది. వాడు వెళ్ళి పట్టించాడు, తల్లిని నాజీలు పట్టుకుపోయి చంపేశారు. ఇదంతా చెబుతూ ఆవిడ ఏడవలేదు, నేనే ఏడ్చాను.

వాడికేమైంది? ఏమీ కాలేదు. యుద్ధం అయ్యాక డబ్బు సంపాదించాడు, బడికి స్థలం ఇచ్చాడు, ఆ ఊళ్ళో ఒక వీధికి వాడి పేరు పెట్టారు. ఇలాంటివాళ్ళకే దండలు పడతాయి, ఏం చేస్తాం! టీచరమ్మ మాత్రం చేశారు. తల్లి ఉలులతోనే వాడి మొహం చెక్కారు. నవ్వుతూ బన్ను అందిస్తున్న మొహం. ఏటా తల్లి పుట్టినరోజుకి ఒకటి అద్ది వాడికే పోస్టు చేసేవారు. వాడు చచ్చాక ఆ ఊరి మునిసిపాలిటీకి పంపడం మొదలుపెట్టారు, ఆ పేరు తీసేయండి అని ఒక్క ముక్క రాసి. మిగతా బొమ్మల మీద సంతకం చేసే మనిషి, దీని మీద మాత్రం రంగులో వేలు ముంచి మూలన ఒత్తేవారు.

రూవి పోస్టాఫీసుకి నేనే టాక్సీలో తీసుకెళ్ళేదాన్ని. ఒకసారి దారిలో, ఇన్నేళ్ళయింది కదా, క్షమించలేరా అని అడిగాను.

"క్షమించాల్సింది మా అమ్మ. వెళ్ళి ఆవిడ్ని అడిగి రమ్మను" అన్నారు.

ఆవిడ పద్ధతి ఒకటి నాకు మింగుడుపడేది కాదు. అనుకున్నన్ని బొమ్మలు అద్దాక, మళ్ళీ ఎవరూ అద్దకుండా ఆ చెక్కిన దిమ్మ మీద ఉలితో అడ్డంగా గాటు పెట్టించేవారు. ప్రాణం ఉసూరుమనేది. మాది పెడన, చీరల మీద అద్దకం చేసే ఊరు. అక్కడ అచ్చు అరిగేదాకా అద్దుతారు, తాత చెక్కించినదాన్ని మనవడూ వాడతాడు. ఆ మాటే చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి ఆ బన్నువాడి దిమ్మ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. దాని మీద గాటు లేదు.

ఖననానికి ఆవిడ పిన్ని మనవడు జర్మనీ నుంచి వచ్చాడు. మంచి కుర్రాడే, మాట మెత్తన. సామాన్లు సర్దుతుంటే ఆ దిమ్మ కనిపించింది. అందరూ పోయారు కదా, ఇక దీనికి కూడా గాటు పెట్టి ముగించేద్దామంటూ ఉలి నా చేతికిచ్చాడు. ఇంగ్లీషులో ఎంత మర్యాదగా అన్నా నాకు వినపడింది ఆ పాత "పోనీలెండి"యే. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. మా ఊళ్ళో అచ్చు అరిగేదాకా అద్దుతామనీ, ఇది ఇంకా అరగలేదనీ చెప్పాను. ఆయన చనిపోయి చాలా ఏళ్ళయిందన్నాడు. వీధి బతికే ఉందన్నాను.

ఇంగ్లీషు అర్థం కాకపోయినా నా చేతిలో ఉలి చూసింది రెడ్డెమ్మ. వంటింట్లోంచి చెక్క గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది.

"అక్కా, ఈ ఏటిది ఇంకా పంపలా" అంది.

ఉలి పక్కన పెట్టాను. దిమ్మకి నల్లరంగు పట్టించి, కాగితం పరిచి, గరిటెతో రుద్దాను. కాగితం జారబోతుంటే ఆ కుర్రాడు అంచు పట్టుకున్నాడు. లేపి చూస్తే వాడు ఎప్పట్లాగే నవ్వుతున్నాడు. నవ్వరా, నవ్వు.

మూలన ఆవిడ వేలు పడే చోట నా వేలు ముంచి ఒత్తాను. అడగకుండానే రెడ్డెమ్మ దాని పక్కన తన వేలు ఒత్తింది. బాల్కనీ తీగ మీద, ఆరేసిన టీచరమ్మ గౌను పక్కన క్లిప్పులు పెట్టి వేలాడదీశాం. ఎండకి వాడి మొహం తొందరగానే ఆరిపోయింది. ఆ రెండు వేలిముద్రలు మాత్రం చాలాసేపు తడిగా మెరుస్తూనే ఉన్నాయి.