ఎలుకల వదిన, నాన్న కషాయం

మా వదిన ఉద్యోగం ఎలుకలకి మందు పట్టడం. అన్నయ్యకి పెళ్లయిన కొత్తలో ఆ మాట విని అమ్మ మొహం అదోలా పెట్టింది. నేనైతే నోరు ఊరుకోక, తను ఇంటికి రాగానే “చేతులు కడుక్కున్నావా వదినా?” అని వేళాకోళం చేసేదాన్ని. “కడుక్కున్నాలే, ఇక నీ నోరు కడగడమే మిగిలింది” అనేది. దాంతో మా ఇద్దరికీ బాగా కుదిరింది.

ఒకసారి నన్ను వాళ్ల ల్యాబ్‌కి తీసుకెళ్లింది. చెప్పులు బయట వదిలి, తెల్లకోటూ మాస్కూ తగిలించుకుంటే గానీ లోపలికి రానివ్వరు. కిటికీల్లేని గది. ఎండాకాలమైనా వానాకాలమైనా ఒకటే చల్లదనం. అరల నిండా పెట్టెలు, వాటిల్లో రంపపు పొట్టు మీద తెల్ల ఎలుకలు, తోకల మీద గుర్తుకోసం సిరా గీతలు. మొక్కల నుంచి తీసిన రసాలు మనుషులకిచ్చే ముందు వీటికి పట్టి చూస్తారు. కొన్నిటికి ఉత్త నీళ్లు, కొన్నిటికి కొంచెం మందు, కొన్నిటికి ఎక్కువ. వదిన ఎలుకని మెడ వెనక తోలు పట్టి ఎత్తి, కొస గుండ్రంగా ఉండే వంకర సూదిని నోట్లోంచి కడుపులోకి దించి, మందు పోసి తీసేసింది. ఎలుక కిక్కురుమనలేదు. అవి బెదురుతాయని తను వాసన సబ్బు కూడా వాడదు. చివర్లో వాటిని చంపి, కోసి, కాలేయం చూడాలట.

“ఏడుపు రాదా?” అన్నాను.

“మొదట్లో వచ్చేది. ఇప్పుడు తప్పు చేస్తానేమోనని భయం. నేను తప్పు పోస్తే దాని చావు దండగ కదా.”

ఇక మా నాన్న సంగతి. దర్జీ పని మానేశాక ఊరికే కూర్చోలేక మొక్కల పిచ్చిలో పడ్డాడు. ఎవరో చెప్పారని ఏదో వేరు తెచ్చి, ఎండబెట్టి, దంచి, కషాయం కాచి, అమ్మ మోకాళ్ల నొప్పులకి ఇవ్వడం మొదలెట్టాడు. ఉన్నమాట చెప్పాలి, అది పనిచేసింది. మెట్ల దగ్గర ఉసూరుమనే అమ్మ గబగబా ఎక్కేస్తోంది! నాన్నకి పట్టపగ్గాల్లేవు. “మీ వాళ్లచేత పరీక్ష చేయించమ్మా, మంచిదని తేలితే వీధి వీధంతా పంచేస్తాను” అని వదిన వెంటపడ్డాడు. వాళ్ల పెద్దసారు ఎలాగూ మొక్కల మీదే పనిచేస్తున్నాడు కాబట్టి సరేనన్నాడు.

ఆ రోజుల్లోనే అమ్మకి ఓ కొత్త అలవాటు పట్టుకుంది. పొద్దున్నే బాత్రూంలో కుళాయి ధారగా వదిలేసేది. “ట్యాంకు మొత్తం ఖాళీ చేస్తావా ఏంటమ్మా!” అని నేను బయటి నుంచి కేకలేసేదాన్ని.

ఒక సాయంత్రం వదిన వచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా నాన్న ముందు నిలబడింది.

“మావయ్యా, అత్తయ్యకి ఆ కషాయం ఆపేయండి. ఎక్కువ పోసిన ఎలుకలు తిండి మానేశాయి. ఈరోజు కొన్నిటిని కోసి చూశాం. కాలేయాలు పాలిపోయాయి. తక్కువ పోసిన వాటిల్లో కూడా మచ్చలున్నాయి.”

నాన్న మొహం కందగడ్డయింది. “ఎలుకకీ మనిషికీ పోలికేంటమ్మా? గొంతులో సూదులు గుచ్చి మీరు చంపేసి, నా మందు మీదకి తోస్తారా?”

“ఉత్త నీళ్లు పోసినవి శుభ్రంగా ఉన్నాయి మావయ్యా. వాటికీ నేనే పోశాను.”

“అంత విషమైతే ఒళ్లు ఊరుకుంటుందా? కక్కేయదూ? మీ ఎలుకల్లో ఒక్కటైనా కక్కిందా?”

“అవి కక్కలేవు. ఎలుకకి వాంతి రాదు, దాని ఒళ్లే అంత. లోపలికి పోయిందంటే ఇక పోయినట్టే.”

“మనిషికి వస్తుందిగా! అదుగో, మీ అత్తయ్య ఎదురుగానే ఉంది. ఒక్కనాడైనా అయిందేమో అడుగు!”

అమ్మ మడతపెడుతున్న తువ్వాలు ఒళ్లో పెట్టేసుకుంది.

“అవుతోందండీ” అంది. “రోజూ పొద్దున్నే. మీకు వినబడకుండా కుళాయి తిప్పుకుంటున్నాను.”

“చెప్పొద్దటే?” అన్నాడు నాన్న.

“ఎలా చెప్పను? నాకంటే ముందు లేచి కాచి తెస్తుంటిరి. మోకాళ్లూ తగ్గాయి. మీరెంత సంబరపడ్డారని!”

వదిన వెళ్లి అమ్మ పక్కన కూర్చుని, కనురెప్ప కిందికి లాగి పచ్చగా ఉందేమోనని చూసింది. చేతులు కడుక్కున్నావా అని ఆ రోజు నేను అడగలేదు.

మర్నాడు వదినే రక్తపరీక్షకి తీసుకెళ్లింది. కాలేయం కాస్త దెబ్బతింది, కషాయం ఆపేస్తే కోలుకుంటుందన్నాడు డాక్టరు. కోలుకుంటోంది కూడా. మోకాళ్లే మళ్లీ మొదటికొచ్చాయి. మెట్లెక్కేటప్పుడు అమ్మ బరువు సగం నాన్న భుజం మీదే. ల్యాబ్‌లో పరీక్ష ఇంకా అవలేదు, వదిన ఎలుకలకి పోస్తూనే ఉంది. నాన్న మాత్రం ఆ ఊసెత్తడు.

పొద్దున్నే బాత్రూంలో కుళాయి చప్పుడు వినబడితే చాలు, ఎక్కడున్నా లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడతాడు.

“కుళాయి కట్టేసి మాట్లాడు” అంటాడు.

అమ్మ కట్టేస్తుంది. “ఏం లేదండీ, మొహం కడుక్కుంటున్నా” అంటుంది. అయినా ఆయన అక్కడే నిలబడి వింటూ ఉంటాడు.