సహాయం గడి

తొంభైల మొదట్లో నేను ఆదిలాబాద్‌లో లెక్కల టీచర్‌ని. మా బడికి నాలుగు కంప్యూటర్లు వచ్చినప్పుడు, లెక్కలు వచ్చిన మనిషికి ఇవి రాకపోతాయా అనుకుని మా హెడ్‌మాస్టరు ఆ గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. నాకు నిజంగానే రావు. పదిరోజుల శిక్షణకని కరీంనగర్ పంపారు. అక్కడ నేర్పిన పాఠాలకంటే పుస్తకం వెనక అచ్చువేసిన నిబంధనలే నాకు బాగా అర్థమయ్యాయి. ముక్కు మీద కోపం ఉన్నవాళ్లకు నిబంధనలంటే మహా ఇష్టం.

తొమ్మిదో తరగతి పిల్లలకు కంప్యూటరు ఏడాది కోర్సు. పాసైతే మొదటి మెట్టు సర్టిఫికెట్ వస్తుంది. రాతపరీక్ష చిన్నది, ఎక్కువ మార్కులు పిల్లలు బడిలో చేసే పనులకే. అవి వేయాల్సింది నేను. ఒక్కో పనికి ఒక పత్రం, ఆ పత్రంలో 'సహాయం' అని ఒక గడి ఉండేది. తప్పు ఉందని టీచరు చెప్పవచ్చు కానీ ఎక్కడుందో, ఎలా దిద్దాలో చెప్పకూడదు. చెబితే ఆ గడిలో రాయాలి. రాస్తే మార్కు తగ్గుతుంది. ఆ తర్వాత హైదరాబాదు నుంచి ఒక పరిశీలకుడు వచ్చి, నేను వేసిన మార్కులకు తగ్గ పని ఫ్లాపీలో ఉందో లేదో చూస్తాడు. ఫ్లాపీలో పని కనపడకపోతే మార్కు సున్నా.

ఆ గదిని నేను గర్భగుడిలాగా చూసుకున్నాను. జిన్నింగు మిల్లుల నుంచి దూది నూగు ఎగిరి వస్తుందని కిటికీలకు కాగితాలు అంటించాను. చెప్పులు బయటే విడవాలి. ఫ్లాపీ అంటే అప్పట్లో అరచేతి కంటే పెద్దదైన నల్లటి అట్ట. దాని మధ్యలో చిన్న సందు, ఆ సందులోంచి లోపలి గోధుమరంగు పళ్లెం కనిపించేది. దానికి వేలు తగిలితే పని మొత్తం పోతుందని జూన్ నుంచీ అరిచి చెబుతూనే ఉన్నాను.

పెద్ద పనికి మీ ఇంట్లో ఉన్న ఇబ్బందినే ఒకటి తీసుకోండి అన్నాను. చాలామంది పక్కవాణ్ణి చూసి మార్కుల జాబితాలే చేశారు. నిర్మల్ వైపు ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక పిల్ల మాత్రం వేరేది చేసింది. వాళ్ల బాపు దుబాయికి పోయి ఏడాదిన్నర. రెండేళ్లు నిండగానే ఏప్రిల్ పదో తారీఖున వస్తానని ఉత్తరం రాశాడు. ఇంట్లో బాపమ్మ, అంటే ఆ తండ్రికి తల్లి, పొద్దున లేస్తూనే కొడుకు రావడానికి ఇంకెన్ని రోజులని అడిగేదట. ఈ పిల్ల దానికే ప్రోగ్రాం రాసింది. ఈరోజు తారీఖు కొడితే మిగిలిన రోజులు చూపిస్తుంది. ఆడపిల్లకు కంప్యూటరెందుకని బాపమ్మ గొణిగితే, చదవనియ్యుండ్రి, నేను వచ్చేసరికి సర్టిఫికెట్ చూపియ్యాలె అని ఆ బాపే రాశాడు. అందుకే ఆ కాగితం కోసం ఆ పిల్ల అంత పట్టుదలగా ఉండేది.

దసరా సెలవులకు ముందురోజు గదిలో ఆయుధపూజ చేశాం. కంప్యూటర్లకు నేనే బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మీ మీ పనిముట్లకు మీరూ పెట్టుకోండని పిల్లలకు చెప్పాను. జూన్ నుంచీ దుమ్ము దుమ్మని మొత్తుకున్న మనిషిని, ఆ గదిలోకి పసుపూ కుంకుమా పళ్లెంలో పెట్టుకుని తెచ్చింది నేనే. అప్పుడు అది నాకు తట్టనే లేదు.

సెలవులయ్యాక ఆ పిల్ల ఫ్లాపీ పెడితే యంత్రం గరగరమంది, ఏమీ చదవలేదు. తీసి చూస్తే సందులో, సరిగ్గా ఆ గోధుమరంగు పళ్లెం మీద, గుండ్రటి కుంకుమ బొట్టు. పరిశీలకుడు రావడానికి మూడు రోజులే ఉంది. అందరి ముందూ ఆ పిల్లను పట్టుకుని తిట్టాను. మిగతా వాళ్లంతా పైకవరుకు పెట్టారు కదా, నీకొక్కదానికే ఆ తెలివి ఎక్కడిదని అడిగాను.

ఆ పిల్ల తలవంచుకుని, "అక్షరాలు లోపల ఉన్నయి గద టీచర్. పైన అట్టకు పెడితే వాటికి ఎట్ల అందుతది అనుకున్న" అంది.

పూజ పెట్టమన్నది నేను, అందరికంటే శ్రద్ధగా పెట్టింది తను. అందులో తప్పెవరిదో తేల్చే గడి ఆ పత్రంలో లేదు. రెండో ఫ్లాపీలో ఇంకో కాపీ పెట్టించాలన్న బుద్ధి కూడా నాకు అంతకుముందు పుట్టలేదు.

మిగిలింది ఆ పిల్ల రికార్డు పుస్తకం. అందులో ఉన్నది మొదట రాసుకున్న ప్రోగ్రాం. తర్వాత చేసిన దిద్దుబాట్లన్నీ ఫ్లాపీతోనే పోయాయి. రెండు రోజులు మధ్యాహ్నం అన్నం గంటలో కూర్చుని మొత్తం మళ్లీ కొట్టింది. నడిచింది గానీ గోడ మీది క్యాలెండరుతో పోలిస్తే ఒకరోజు తక్కువ చూపించింది. తప్పు ఎక్కడుందో నాకు చూడగానే తెలిసింది. ఏ నెలకు ఎన్ని రోజులో పిడికిలి కణుపుల మీద లెక్కపెట్టుకుని రాసుకుంది. జూలైతో చివరి కణుపు అయిపోయాక, ఆగస్టును మళ్లీ మొదటి కణుపు నుంచి ఎత్తుకోకుండా వెనక్కి గుంటలోకి దిగింది. దాంతో ఆగస్టుకు ముప్పై పడి, డిసెంబరు దాకా అన్నీ తారుమారయ్యాయి.

చెప్పకూడదు. కిటికీ దగ్గరికి పోయి, ఊడిపోయిన కాగితం అంటిస్తున్నట్టు నిలబడ్డాను. ఆ పిల్ల తెర వైపు, నా వీపు వైపు చూస్తూనే ఉంది. గంట కొట్టే వేళైంది. ఇక తట్టుకోలేక వెనక్కి తిరిగి, నోరు మెదపకుండా నా పిడికిలి బిగించి ముందుకు చాపాను. క్షణం చూసింది, తన పిడికిలి బిగించింది, నవ్వింది. గంట కొట్టేలోపు లెక్క కుదిరింది.

పత్రంలో సహాయం గడిలో 'పిడికిలి చూపించాను' అని రాసి, ఒక మార్కు తగ్గించాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి.

పరిశీలకుడు నెమ్మదైన మనిషి. ఆ గడి చదివి నవ్వుకున్నాడు. ప్రోగ్రాం నడిపి చూసి, బాగుందన్నాడు. తర్వాత ఆ పిల్లను, ఏప్రిల్ పది దాటిన తారీఖు కొడితే ఏమొస్తుందని అడిగాడు.

"దాటదు సార్. ఆ తారీఖుకు మా బాపు వస్తడు" అంది.

ఆయన, అన్ని రకాల తారీఖులతో సరిచూడలేదని రాసి రెండు మార్కులు కోశాడు. నాకు ఒళ్లు మండింది. పసిపిల్లను పట్టుకుని ఆ ప్రశ్న వేయడానికి నోరెలా వచ్చిందని స్టాఫ్‌రూములో వారం రోజులు ఆయన్ని ఆడిపోసుకున్నాను. ఆ పిల్ల పాసైంది. మార్చిలో సర్టిఫికెట్ వచ్చింది. తండ్రికి చూపించేదాకా మడత పడకూడదని అట్టల మధ్య పెట్టుకుని బస్సెక్కింది.

ఏప్రిల్ పధ్నాలుగున నేను తొమ్మిదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే గది బయట చెప్పులు విడిచిన చప్పుడైంది. ఆ పిల్లే. ప్రోగ్రాం ఒకసారి నడుపుకుంటానంది. ఆరోజు తారీఖు కొట్టింది.

"టీచర్, మైనస్ నాలుగు అంటుంది. ఆ సారు అడిగింది గిదేనా?"

అదేనన్నాను. కంపెనీ వాళ్లు పాస్‌పోర్టు తిరిగి ఇవ్వలేదట, ఇంకో ఆరు నెలలు ఉండాలన్నారట, అక్టోబరు పదిన వస్తానని ఉత్తరం వచ్చిందట. ఇవన్నీ మెషీన్ వైపు చూస్తూనే చెప్పింది. బాపమ్మ ఇప్పుడు రోజులు అడగడం మానేసిందని కూడా చెప్పింది.

తర్వాత నన్నేమీ అడగకుండా కొట్టడం మొదలుపెట్టింది. అరగంట పట్టింది. ఇప్పుడు తారీఖు దాటిపోతే మైనస్ రావడం లేదు. కొత్త తారీఖు ఏది అని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులో అడుగుతోంది. అక్టోబరు పది కొట్టింది. నూట డెబ్బై తొమ్మిది వచ్చింది. పిడికిలి బిగించి, జూలై తర్వాత ఆగస్టును జాగ్రత్తగా మొదటి కణుపు నుంచి ఎత్తుకుని, రెండుసార్లు సరిచూసుకుంది. ఆ తర్వాత రెండు ఫ్లాపీల్లో దాచుకుంది. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

పరిశీలకుడు కోసిన ఆ రెండు మార్కుల పని అదే. ఇక ఇప్పుడు దానికి మార్కులు వేసేవాళ్లు లేరు. నేను బీరువాలోంచి ఆ పత్రం కార్బన్ కాపీ తీశాను. 'పిడికిలి చూపించాను' అన్న మాట కింద ఆరోజు తారీఖు వేసి, 'సహాయం: ఏమీ లేదు' అని రాసి సంతకం పెట్టాను. నిబంధనల ప్రకారం ఒక పిల్ల గురించి టీచరు రాయగల పెద్ద పొగడ్త అది. అది రాసి, తలుపు దగ్గరికి వేసుకుని, ఏడ్చాను.