కొత్తది వచ్చాక ఎక్కుదాం

భవానీపూర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే అనంతకృష్ణకి రోలర్‌కోస్టర్ల పిచ్చి. ఊరవతల పార్కులో కొత్తది వస్తోందని తెలిసినప్పటి నుంచి, అది ఏ రూపంలో ఉంటుందా అని అలాంటి పిచ్చివాళ్ల వాట్సాప్ గ్రూపులో రోజూ వాదనలే. రేవులో పనిచేసే ప్రసన్నకుమార్ ఓడలోంచి దిగిన కొత్తదాని పట్టాల ఫొటోలు పెట్టాడు.

"పసుపు రంగు సూడండి దాదా, సుందర్‌బన్ పులి కాపోతే ఇంకేటి?"

"పోవోయ్! ఈ వంపులకి ట్రామే," అన్నాడు అనంతకృష్ణ.

కూతురు భాను మాత్రం ఆ పార్కులో ఉన్న పాతదే ఎక్కుతానని మారాం చేసేది. పట్టాల కీచుమనే చప్పుడుకే అతని గుండె జారిపోయేది. "కొత్తది వచ్చాక ఎక్కుదాంలే తల్లీ," అంటూ వెళ్లిన ప్రతిసారీ ఐస్‌క్రీమ్ కొనిపెట్టి తీసుకొచ్చేసేవాడు.

చివరికి పార్కువాళ్లు పులి బొమ్మతో ప్రకటన ఇచ్చారు. దానికి చోటు కోసం పాతదాన్ని విప్పేస్తున్నారట. ఇన్ని ఊహించిన గ్రూపులో ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఆదివారం భానుని తీసుకుని పరుగున వెళ్లాడు. పట్టాలు అప్పటికే ముక్కలై గడ్డిలో పడున్నాయి.

"ఎక్కితే నిజంగా భయమేసేదా నాన్నా?"

"ఏమోనమ్మా. నేనూ ఎప్పుడూ ఎక్కలేదు."

భాను అతని చెయ్యి పట్టుకుంది.

"పులిది అమ్మతో ఎక్కుతాన్లే. నువ్వు కంగారుపడకు."