రసూల్ బీ చెయ్యి

సీతాఫల్‌మండిలో ఆ గల్లీ ఆడవాళ్లకు రసూల్ బీ అంటే గౌరవమే, కాకపోతే దూరం నుంచి గౌరవం. ఎదురుపడితే సలాం చెబుతారు. పండక్కి షీర్ ఖుర్మా గిన్నె పంపుతారు. ఆమె పసిపిల్లను ఎత్తుకోబోతే మాత్రం "దానికి నిద్రొస్తున్నది ఖాలా" అంటూ పిల్లను లాగేసుకుంటారు. పెళ్లికూతురికి పసుపు రాసేచోటికి ఆమెను పిలవరు, ఆమె కూడా వెళ్లదు. ముప్పయ్యేళ్లుగా ఆ చుట్టుపక్కల చనిపోయిన ముస్లిం ఆడవాళ్లకు ఆఖరి స్నానం, అంటే గుసుల్, చేయించేది ఆమె. అన్ని శవాలను కడిగిన చెయ్యి తమ పిల్లల మీద పడకూడదని వాళ్ల భయం. చచ్చాక మాత్రం ఆ చెయ్యే కావాలి.

భర్త హుస్సేన్ దూదేకుల మనిషి. జనగామ నుంచి వచ్చి ఇక్కడ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. అతను పోయాక రసూల్ బీ పరుపులకు, బొంతలకు గలీబులు కుట్టుకుంటూ ఒక్కతే బతుకుతోంది. గుసుల్ పని అత్తగారు నేర్పింది. చేతికి గుడ్డసంచి తొడుక్కోవాలి. దుప్పటి తియ్యకుండా, దాని కింద నుంచే కడగాలి. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. రేగాకులు వేసి కాచిన నీళ్లు, ఆఖర్న కర్పూరం నీళ్లు. వీటన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటుంది. చచ్చిన మనిషి ఒంటి మీద ఏది కనిపించినా బయట చెప్పకూడదు. "చూసింది నీతోనే కబర్ల పడాలె కోడలా" అని అత్త మొదటిరోజే ఒట్టు వేయించుకుంది.

దుప్పటి కింద కంటికి పనేముంది, చూసేదంతా చెయ్యే. బయట కూర్చున్నవాళ్లు కామెర్లన్నారు, గుండె ఆగిందన్నారు, దిష్టి తగిలిందన్నారు. లోపల ఆమె చెయ్యి రొమ్ము కింద రాయిలాంటి గడ్డ మీద ఆగేది. పాతగుడ్డ మడిచి కట్టుకున్న పుండు మీద ఆగేది. ఆరేళ్లలో అలాంటివాళ్లు నలుగురు. కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నబిడ్డకు చెప్పలేదు, డాక్టర్ ముందు విప్పలేదు. ప్రాణం పోయాకే ఒకరి చెయ్యి అక్కడ పడింది. రసూల్ బీ వాళ్లతో మాట్లాడుతూ కడిగేది. "జెర ఇటు తిరుగు బిడ్డా" అనేది, తనే తిప్పేది. బయటకొచ్చి చేతులు కడుక్కుని, ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికి పోయేది.

పోయిన వానాకాలంలో మస్తాన్ బీ చనిపోయింది. కామెర్లని చెప్పారు. గుసుల్‌కు ఆమె కూతుళ్లిద్దరూ సాయం వచ్చారు. పెద్దది జబీన్, ఆటో నడిపే ఫరూఖ్ భార్య. చిన్నది తస్లీమ్, ఆమెకూ పెళ్లయింది. జబీన్ చెంబుతో నీళ్లు పోస్తోంది. ఎడమవైపుకు వచ్చేసరికి రసూల్ బీ చెయ్యి దుప్పటి కింద ఆగిపోయింది. ఐదో మనిషి. తలెత్తి చూస్తే జబీన్ చెంబును ఎడమచేతి నుంచి కుడిచేతికి మార్చుకుంటూ పళ్లు బిగబట్టింది. తడిసిన కుర్తా ఒంటికి అంటుకుంది. లోపల ఒకవైపు మడతపెట్టిన గుడ్డ తెలుస్తోంది.

తస్లీమ్ వేణ్నీళ్లకు బయటికి వెళ్లింది. జబీన్ రసూల్ బీ మణికట్టు పట్టుకుంది.

"ఖాలా, ఎవరికీ చెప్పకు. నీకు అల్లా కసం."

"ఎన్ని దినాలైంది బిడ్డా?"

"రంజాన్ ముంగట నుంచి. చిన్నదే. నొప్పి సుత ఎక్కువ లేదు."

"దవాఖానకు పోవా?"

"అమ్మను తోల్కపోయింది నేనే గదా. పొద్దుగాల ఐదింటికి పోయి లైన్ల నిలబడ్డం. లోపల పది మంది పోరగాండ్లు చుట్టూ నిలబడి చూసిండ్రు. డాక్టర్ చదువుతుండ్రట. అమ్మ గుండీలు పెట్టుకొని బయటికొచ్చింది, మల్ల పోలే. నేనూ పోను. నాకిద్దరు ఆడపిల్లలు. అమ్మమ్మకు గదే, అమ్మకు గదే అని తెలిస్తే రేపు వాళ్లనెవరు చేసుకుంటరు?"

నాలుగు దెబ్బలేసి ఆ పూటే ఈడ్చుకుపోవలసిన సమయం అది. రసూల్ బీ ఆ పని చెయ్యలేదు. ముప్పయ్యేళ్లుగా శవాలకిచ్చిన మాటే ఆ ఊపిరున్న మనిషికీ ఇచ్చింది.

"నా నోట్లకెళ్లి రాదు, పో" అంది.

తప్పంటే అదే తప్పు. ఇంకెవరైనా అయితే ఇంట్లోనో పొరుగింట్లోనో ఎక్కడో ఒకచోట వాగేసేవాళ్లు, జబీన్ బతికేదేమో. రసూల్ బీకి రహస్యం దాచడం బాగా వచ్చు.

గల్లీ చివర కమ్యూనిటీ హాల్లో గురువారం గురువారం ఆడవాళ్ల ఆరోగ్య క్యాంపు పెట్టేవారు. నడిపేది ప్రిసిల్లా. మెట్టుగూడ వాసి, నర్సుగా రిటైరైంది. ఇంట్లో కూర్చోలేక నలుగురు ఆడవాళ్లను కూడగట్టి బస్తీలు తిరుగుతోంది. బీపీ, షుగర్ చూపించుకోవడానికి జనం బాగానే వచ్చేవారు. మూలన పచ్చ తెర కట్టి, దాని వెనక రొమ్ము పరీక్ష చేస్తామంటే ఒక్కరూ లేచేవారు కాదు.

"మీ గల్లీ అదృష్టం రసూల్ బీ" అంది ప్రిసిల్లా ఒక గురువారం, అలసిపోయిన గొంతుతో. "ఒక్క కేసు కూడా లేదు. ఇక్కడ అవసరం లేదని క్యాంపుకు డబ్బులిచ్చేవాళ్లు రాసుకున్నారు. కొత్త ఏడాది నుంచి ఆ పరీక్ష వేరే బస్తీకి మారుస్తారట."

లేదట! ఐదుగురు భూమిలో ఉన్నారు, ఆరోది నాలుగిళ్ల అవతల రొట్టెలు చేస్తోంది. చెప్పడానికి రసూల్ బీ నోరు తెరిచింది. అత్త ఒట్టు గుర్తొచ్చింది, జబీన్ కసం గుర్తొచ్చింది.

"నాకు బీపీ చూడు సిస్టరమ్మా" అని చెయ్యి చాపింది.

డిసెంబర్‌లో జబీన్ బొంతకు గలీబు కుట్టించుకోవడానికి వచ్చింది. ఎడమచెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా వాచిపోయి ఉంది. బొంత మోయలేక పెద్దకూతురితో మోయించింది. పిల్లను బయటికి పంపి, "చలికి వాచింది ఖాలా" అని నవ్వబోయింది. రసూల్ బీకి ఆ రాత్రి అన్నం దిగలేదు. తెల్లారి తాళం కూడా వెయ్యకుండా మెట్టుగూడ దాకా నడిచిపోయి ప్రిసిల్లా తలుపు కొట్టి మొత్తం చెప్పేసింది. చెబుతూ చెబుతూ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

ప్రిసిల్లా ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. ఫరూఖ్‌కు తానే చెప్పింది. జబీన్‌ను తనకు తెలిసిన లేడీ డాక్టర్ దగ్గరికి తానే వెంటబెట్టుకుని వెళ్లింది. విద్యార్థులు లేరు, లైను లేదు, గది తలుపు వేసే చూశారు. ఇదే ఏర్పాటు మస్తాన్ బీకి ఒక్కసారి దొరికి ఉంటే ఈ కథే లేదు. స్కానింగ్‌లో ఎముకలకు పాకిందని తేలింది.

మందులు పెట్టారు. జుట్టు ఊడింది. గల్లీకి సంగతి తెలిసిపోయింది, తెలియగానే అందరి నోళ్లూ రసూల్ బీ వైపు తిరిగాయి. జబీన్ ఒంటి ముచ్చట పరాయి మనిషికి మోసిందట. రేపు తమ తల్లుల ఒళ్లు సుత మెట్టుగూడ దాకా చాటదా అన్నారు. జబీన్ మాత్రం ఒక్కసారి కబురంపి పిలిపించుకుంది. మంచంలో పిడికెడంత అయిపోయింది.

"జెర ముందుగాల చెప్పాల్సింది ఖాలా" అంది. అంతకుమించి తిట్టలేదు.

రంజాన్ నెల రాకముందే పోయింది.

ఈసారి ఎవరూ పిలవలేదు. రసూల్ బీ తనంతట తానే గుడ్డసంచి, రేగాకులు పట్టుకుని వెళ్లింది. గుమ్మంలో ఫరూఖ్ నిలబడి ఉన్నాడు. వారం రోజుల గడ్డం, ఎర్రటి కళ్లు.

"ఒక్కటి అడుగుత, సచ్ చెప్పు. నీకు ఎన్నడు తెలిసింది?"

"మీ అత్త పోయిన్నాడు."

"వానాకాలంల." అతను వేళ్లు మడిచి చూసుకున్నాడు. "డిసెంబర్ దాక ఐదు నెలలు. రోజు నా ముంగటకెళ్లే పోయినవ్. సలాం సుత చెప్పినవ్."

"కసం పెట్టింది బిడ్డా..."

"నా భార్యను ముట్టుకోకు."

అరిచినా బాగుండేది. మెల్లగా అన్నాడు. చెప్పినందుకు గల్లీ వెలేసింది, చెప్పనందుకు ఫరూఖ్ వెలేశాడు. ఇద్దరిలో ఫరూఖ్‌దే న్యాయమని ఆమెకు తెలుసు. వారాసిగూడ నుంచి ఇంకొకామెను పిలిపించారు. రసూల్ బీ ఎదురింటి అరుగు మీద కూర్చుని, లోపల నీళ్లు పోస్తున్న చప్పుడు ఆఖరిదాకా విన్నది. తర్వాత ఇద్దరు ముసలమ్మలు పోయారు. ఆమెకు కబురు రాలేదు.

మస్తాన్ బీకి ఇంకో కూతురుంది. ఆ ఆలోచన ఆమెను నిద్రపోనివ్వలేదు. జబీన్ సంగతి బయటపడ్డాక ఆ పరీక్షను వేరే బస్తీకి మార్చడం ఆపేశారు. రసూల్ బీ ప్రిసిల్లా దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"ఆ హాల్ల ఎవ్వరూ రారు సిస్టరమ్మా. అరుగు మీద మొగోళ్లు క్యారమ్స్ ఆడ్తరు. తెర ఎన్కకు ఎవరు పోయిండ్రో సాయంత్రానికి గల్లీ అంతా తెలుస్తది. నా ఇంట్ల పెట్టు. బొంతలు ఇయ్యనీకి అందరూ నా ఇంటికొస్తరు, ఎవరికీ ఏం తెల్వదు."

"నాకు ఇన్నాళ్లూ ఈ మాట ఎవరూ చెప్పలేదే" అంది ప్రిసిల్లా. సిగ్గుపడింది కూడా. ఎలా తడిమి చూడాలో నేర్పబోయి, మూడు వేళ్లు ఆనించి గుండ్రంగా తిప్పుతూ చూపించింది. రసూల్ బీ అలాగే చేసి చూపితే ఆశ్చర్యపోయింది. "మీకెవరు నేర్పారు?"

"నేర్పినోళ్లు పోయిండ్రు" అంది రసూల్ బీ.

గడప గడపకూ తిరిగింది. పేర్లు చెప్పలేదు. "జబీన్‌కు ముందు ఐదుగురు గిట్లనే పోయిండ్రు. కామెర్లు గావు, దిష్టి గాదు. ఈ చెయ్యికి తెలుసు" అని మాత్రం చెప్పింది. ఒట్టు సగం తప్పినట్టే. ఆ లెక్క అల్లాకు తానే చెప్పుకుంటాననుకుంది. ఒకామె మొహం మీదే తలుపు వేసింది. ఇంకొకామె గుమ్మంలో నీళ్లు చల్లుకుంది. మొదటి గురువారం ఎవరూ రాలేదు. రెండో గురువారం ప్రిసిల్లా, ఆమె ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చాయ్ తాగారు.

మూడో గురువారం తస్లీమ్ వచ్చింది. చంకలో పాత బొంత, గలీబు బాగానే ఉంది. మాట్లాడకుండా లోపలిగదిలోకి నడిచింది. ప్రిసిల్లా ముందుగదిలో ఉండిపోయింది. పిల్ల తనకు తెలిసిన చేతికైతే లొంగుతుందేమోనని రసూల్ బీనే వెళ్లమంది.

గది గుమ్మానికి కట్టిన తెర పడింది. ముప్పయ్యేళ్లలో మొదటిసారి చేతికి సంచి లేదు.

"జెర ఇటు తిరుగు బిడ్డా" అంటూ అలవాటుగా భుజం పట్టి తిప్పబోయింది. ఈలోపు తస్లీమ్ తనే తిరిగింది. వేళ్ల కింద ఒళ్లు వెచ్చగా ఉంది, గుండె గబగబా కొట్టుకుంటోంది. కుడివైపు ఏమీ లేదు. ఎడమవైపు, చంక దగ్గర, వేళ్లు ఆగాయి. శనగగింజంత.

తస్లీమ్ ఆమె మొహం చూసింది. చూసి, మణికట్టు గట్టిగా పట్టుకుంది. అక్క పట్టుకున్నచోటే.

"ఖాలా, ఎవరికీ చెప్పకు. నీకు కసం."

"చెప్త" అంది రసూల్ బీ. "ఇప్పుడే చెప్త. సిస్టరమ్మకు చెప్త, ఇంటికొచ్చి నీ మొగనికి చెప్త, రేపు దవాఖానకు నీతోని వస్త. నువ్వు తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

మణికట్టు విడిపించుకోలేదు. రెండోచేత్తో తెర తీసి, ప్రిసిల్లాను కేకేసింది.