యాదగిరన్న చెరిపేసిన మాట

మొన్న అత్తాపూర్‌లో మా కింది వాటావాళ్ళు అటక మీది సామాను దించుతుంటే ఒక అట్టపెట్టె చీలి నాలుగైదు వీడియో క్యాసెట్లు మెట్ల మీద పడ్డాయి. ఏరి ఇద్దామని వంగాను. బూజు పట్టిన ప్లాస్టిక్ వాసన, దాని వెనకే ఏదో పుల్లటి వాసన ముక్కుకు తగిలాయి. క్యాసెట్లు వాళ్ళ చేతిలో పెట్టి పైకి వచ్చాక కూడా చాలాసేపు పని మీదికి మనసు పోలేదు. శంషాబాద్‌లో యాదగిరన్న దుకాణంలో ఆ వాసన మధ్యే నేను ఆరేళ్ళు పనిచేశాను.

యాదగిరన్న చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళు వీడియో తీసినవాడు. విమానాశ్రయం రాకముందు, భుజాన బరువైన కెమెరాతో స్కూటర్ మీద ఊరూరా తిరిగేవాడట. నేను చేరేనాటికి ఆయనకు మిగిలింది పాత క్యాసెట్లను డిస్కుల్లోకి ఎక్కించే పనే. విమానాశ్రయానికి భూములు పోయి ఇళ్ళు మారినవాళ్ళు ట్రంకుపెట్టెల అడుగు నుంచి క్యాసెట్లు తీసి తెచ్చేవారు. సన్నగా, కొంచెం వంగి ఉండే మనిషి. మాటలు తక్కువ.

చేరిన మొదటి నెలలోనే ఒక క్యాసెట్‌లో బొమ్మ వచ్చింది కానీ శబ్దం రాలేదు. టేపు పాడైందని ఆ ఇంటివాళ్ళకు ఫోన్ చేయబోయాను. ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసి పక్కన పెట్టాడు.

"ముందు మన దిక్కు చూసుకో. టేపును తర్వాత అనొచ్చు," అన్నాడు.

వీసీఆర్ వెనక పసుపు వైరు బొమ్మది, తెలుపూ ఎరుపూ శబ్దానివి. చూస్తే తెల్లవైరు సగం ఊడి ఉంది. ఆ రోజు నుంచి నాకు ఒక వరుస అలవాటు చేశాడు. ముందు వైర్లు చూడాలి, తర్వాత కంప్యూటర్‌లో శబ్దం మూసి ఉందేమో చూడాలి, ఇంకో మిషన్‌లో వేసి చూడాలి, టేపును చదివే హెడ్ తుడవాలి. శబ్దం టేపు అంచున సన్నటి గీతలా ఉంటుందనీ, అంచు నలిగితే బొమ్మ బాగున్నా మాట పోతుందనీ ఆయనే చెప్పాడు. అది కూడా చూసిన తర్వాతే టేపు మీద నేరం మోపాలి.

మణెమ్మ వచ్చింది ఒక వానాకాలం మధ్యాహ్నం. నలభై అయిదేళ్ళు ఉంటాయేమో. ఆరాంఘర్ దగ్గర కిరాయి ఇంట్లో ఉంటూ విమానాశ్రయంలో ఊడ్చే పనికి వెళ్ళేది. తువ్వాలులో చుట్టి తన పెళ్ళి క్యాసెట్ తెచ్చింది. అప్పగింతలప్పుడు తండ్రి ఆమె చెవి దగ్గర వంగి ఏదో చెప్పాడట. ఏడుపులో ఆమెకు వినపడలేదు. తర్వాత అడుగుదామనుకుంది. ఏడాది తిరగకముందే ఆయన పోయాడు.

"బొమ్మ లేకున్నా నడుస్తది అన్నా. మా బాపు ఏమన్నడో జర వినిపియ్యి," అంది.

ఆ క్యాసెట్‌లో కొంతసేపు సన్నాయి వినిపించింది. ఆ తర్వాత టక్‌మని చిన్న చప్పుడు, ఇక ఏమీ లేదు. రెండు రోజులు వరుసంతా చేశాం. వైర్లు మార్చాం, మూడు మిషన్లు మార్చాం, హెడ్లు తుడిచాం. టేపు అంచు కొత్తదానిలా నున్నగా ఉంది. యాదగిరన్న ఆ టక్‌మనే చోటును వెనక్కి తిప్పి తిప్పి విన్నాడు. తర్వాత మిషన్ ఆపి కూర్చుండిపోయాడు.

ఆ పెళ్ళి తీసింది తనేనట. ఆ రోజుల్లో జనరేటర్ రొద, ఆడవాళ్ళ అరుపులు వినపడకుండా శబ్దం మీద పాట ఎక్కించేవాళ్ళు. పాట ఎక్కేకొద్దీ కింది మాటలు చెరిగిపోతాయి. ఈ పెళ్ళికి పెట్టిన పాటల క్యాసెట్ మధ్యలోనే అయిపోయింది. ఆయన చాయ్ తాగడానికి బయటికి వెళ్ళాడు. మిషన్ మాత్రం తిరుగుతూ మిగిలిన మాటలన్నీ చెరిపేసింది. వచ్చాక తెలిసింది. అలాగే ఇచ్చేశాడు. ఎవరూ ఏమీ అనలేదు.

"అప్పుడు మనుషులంత ఇంట్లనే ఉండిరి. మాట ఎవరికి కావాలె?" అన్నాడు నెమ్మదిగా.

టేపు పాతబడిందని చెబుదామన్నాను. ఆమె నమ్ముతుంది కూడా.

మరునాడు మణెమ్మ వస్తే కుర్చీ వేసి, తను నిలబడే చెప్పాడు. "చెల్లె, టేపు మంచిగనే ఉంది. మీ బాపు మాట నేనే చెరిపేసిన."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నువ్వు ఆడనే ఉన్నవ్ గద అన్నా. పక్కనే నిలబడి తీసినవ్. ఏమన్నడో యాదికున్నదా?"

దుకాణం మీదుగా ఒక విమానం పోయింది. అది పోయేదాకా ఆయన ఆగాడు.

"లేదు చెల్లె. నేను బొమ్మ చూసుకుంటున్న. వినలే."

ఆమె అడిగినన్నిసార్లు ఆ చోటే వేసి చూపించాడు. తండ్రి పెదవులు ఆమె చెవి పక్కన కదులుతున్నాయి. చూస్తూ ఆమె కూడా పెదవులు కదిపింది. ఏ మాటా కుదరలేదు. డిస్కు తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

నాకు కోపం వచ్చింది. మంచిగ ఉండు బిడ్డా అన్నాడని ఒక్క మాట చెబితే ఏం పోయేదని అడిగాను. ఏ తండ్రయినా అదేగా అంటాడు.

"ఒకసారి ఆయన మాట తీసేసి నా పాట పెట్టిన. ఇప్పుడు నా మాట గూడ పెట్టాల్నా?" అన్నాడు.

తర్వాత ఆయన చాలా నెలలు ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళను వెతుకుతూ తిరిగాడు. ఆ ఊరు ఇప్పుడు లేదు, మనుషులు తలోదిక్కు అయ్యారు. పహాడీ షరీఫ్ వైపు ఒక ముసలామె దొరికింది. "ఏడవకు అన్నడేమో" అందట. ఆ 'ఏమో' వల్ల ఆయన ఆ మాట మణెమ్మకు చేర్చలేదు. తర్వాతి ఎండాకాలం మంచం పట్టాడు. మళ్ళీ దుకాణం తెరవలేదు. చివరిసారి చూడబోతే మణెమ్మ వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నాను. నెల తిరగకుండా పోయాడు.

మూడేళ్ళ కిందట మా అమ్మ ఆసుపత్రిలో పోయింది. మా తమ్ముడు విమానాశ్రయంలో క్యాబ్ నడుపుతాడు. సవారీని దింపి వచ్చేసరికి అంతా అయిపోయింది. వరండాలో నా చేయి పట్టుకుని, "అమ్మ ఆఖరికి నన్ను అడిగిందా అక్కా?" అన్నాడు. ఆ సమయానికి నేను మందుల కోసం కింద వరుసలో నిలబడి ఉన్నాను. నీ పేరే పిలిచిందిరా అనే మాట నాలుక మీదికి వచ్చింది.

"నేను మందులకు కిందికి పోయిన తమ్మీ. వినలే," అన్నాను.

వాడు నా చేయి వదిలేశాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే చెప్పాను.