తైపింగ్‌కు అన్నం మూట

మలయా స్వాతంత్ర్యదినం మెర్దేకాకు ఇంకా కొన్ని వారాలున్నాయనగా, అమావాస్య నాడు, తైపింగ్ సైనిక శ్మశానానికి బయలుదేరాను.

జపానువాళ్ల కాలంలో నేను బాగన్ దాతుక్ దగ్గరి కొబ్బరితోటలో కిరాణీని, అంటే గుమాస్తాను. ఒక సాయంత్రం, కూలిన విమానం నుంచి బయటపడ్డ సైనికుడొకడు మా వెనక తలుపు తట్టాడు. భుజం మీది గుడ్డపట్టీపై కెనడా అని ఉంది. కడుపు చూపించి అన్నం అడిగాడు. కర్రపెండలంతో బతికే ఆ రోజుల్లో ఆ పూట మా పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. భయంతో "లేదు" అని తలుపేశాను. మర్నాడే జపానువాళ్లు అతన్ని పట్టుకుని చంపేశారు. యుద్ధం ముగిశాక అలాంటివాళ్లను తైపింగ్‌లో పాతిపెట్టారని విన్నాను.

ఆకలితో పోయినవాడికి అమావాస్యనాడు ఆకులో అన్నం పెట్టడం మా ఇంటి ఆచారం. కానీ నేను బయలుదేరిన నాటికి, అడవిలోని కమ్యూనిస్టు తిరుగుబాటుదారులకు చేరుతుందని, తోట దాటి అన్నం తీసుకెళ్లడం నేరం.

"ఏటి, గేటుకాడ సోల్జర్లు నీకు హారతిస్తారా?" అంటూనే నా భార్య మూట కట్టింది.

ఆరింటికి బస్సు. పక్క సీట్లో మా తోట కూలీ, ముసలి అప్పాయమ్మ. మూట ఇద్దరి కాళ్ల మధ్య పెట్టాను. ఏడున్నరకు, తెలుక్ ఆన్సన్ ఊరు ఇంకా రాకముందే, రోడ్డు గేటు దగ్గర తనిఖీ. పోలీసు మూటను బెత్తంతో పొడిచాడు.

"ఎవరిది?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. అతను అప్పాయమ్మను రెక్క పట్టుకుని కిందికి దించాడు.

"నాది కాదు లా!" అని అరిచింది, మలయావాళ్లలా మాట చివర "లా" తగిలించి. "మా పిల్లికే కూడు నేదు, అడవోళ్లకి పెడతానా? కిరాణీ బాబూ, సెప్పవేటి?"

నన్ను మాత్రం వేలెత్తి చూపలేదు. డ్రైవర్ బండి కదపబోయాడు. అప్పుడు లేచాను.

"నాదే."

అప్పాయమ్మను మళ్లీ బస్సెక్కనిచ్చి, నన్ను దించి, అన్నం కాలవలో పోశారు. మధ్యాహ్నం దాకా ప్రశ్నలు వేసి, కేసు రాసి వదిలారు. ఖాళీ ఆకు అడిగి తెచ్చుకున్నాను. ఇంకో బస్సులో ఇపో పట్టణం, అక్కణ్ణుంచి రైల్లో తైపింగ్. స్టేషన్ నుంచి శ్మశానానికి రిక్షా దొరికింది.

మేపుల్ ఆకు చెక్కిన రాళ్లు కెనడావాళ్లవని తోటమాలి చెప్పాడు. ఆనాడు పేరైనా అడగలేదు కనుక నా అతిథిది ఏదో తెలియదు. మొదటి రాయి ముందు ఆకు పరిచాను.

"ఆ రోజు ఉండి లేదన్నానయ్యా," అని తెలుగులోనే చెప్పాను.

రాత్రికి స్టేషన్ దగ్గరి సత్రంలో పడుకుని మర్నాడు తిరుగు ప్రయాణమయ్యాను. తెలుక్ ఆన్సన్‌లో సంతబుట్టతో అప్పాయమ్మ ఎక్కింది.

"మళ్లీ నీ పక్కనేనా బాబూ? నీ సంచీ నీ ఒళ్లోనే ఎట్టుకో లా!"

గేటు దగ్గర అదే పోలీసు. "అన్నం ఉందా?"

"లేదు," అని సంచీ తెరిచి చూపించాను. ఈసారి ఆ మాట నిజమే. అయినా నా మనసు తేలికపడలేదు.